టాక్సీ స్టాండు తెచ్చిన పేరు: మెర్సిడెస్ బెంజ్, దాని డబ్ల్యూ124

మెర్సిడెస్ బెంజ్ కార్లకు మన్నికైనవన్న పేరు తెచ్చిపెట్టింది దేశాధినేతల వాహనశ్రేణులు కావు, జర్మనీలో రైల్వే స్టేషన్ల బయట బారులు తీరే లేత దంతపు రంగు డీజిల్ టాక్సీలు. పగలొకరు, రాత్రొకరు నడుపుతుంటే ఇంజన్ చల్లారే వ్యవధి కూడా లేకుండా తిరిగే బండికి ప్రకటనలు అక్కర్లేదు. అది షెడ్డులో ఎన్ని రోజులు పడి ఉందో, దాని మీద యజమానికి ఎంత మిగిలిందో లెక్క పుస్తకమే చెబుతుంది. ఈ సంస్థ ప్రతిష్ఠను తూచడానికి నేను ఆ లెక్క పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకుంటున్నాను. అలా తూచినప్పుడు, 1984 చివరలో బయటికి వచ్చి దశాబ్దానికి పైగా తయారైన డబ్ల్యూ124 అనే మధ్యతరహా కార్ల శ్రేణి ఈ సంస్థ చేసిన అత్యుత్తమ వస్తువని, ఆ తరువాతి తరాలు చాలాకాలం దాని పేరు మీదే బతికాయని నా అభిప్రాయం.

మూలాల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. కార్ల్ బెంజ్ మాన్‌హైమ్‌లో తన మూడు చక్రాల మోటారు బండి పేటెంటు కోసం 1886 జనవరి 29న దరఖాస్తు పెట్టాడు. అదే ఏడాది కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ కలిసి గుర్రపు బగ్గీ లాంటి బండికి ఇంజన్ బిగించి నడిపారు. డైమ్లర్ కార్లను సంపన్నులకు అమ్మిపెట్టిన ఎమిల్ యెలినెక్ తన కూతురి పేరును వాటికి పెట్టించగా, 1902లో మెర్సిడెస్ అన్నది ట్రేడ్‌మార్క్ అయింది. నేల, నీరు, గాలి మూడింటిలోనూ తమ ఇంజన్లే తిరగాలన్న ఆశకు గుర్తుగా 1909లో మూడు కోణాల నక్షత్రం నమోదైంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి ఆర్థిక కష్టాలలో ఈ రెండు ప్రత్యర్థి సంస్థలూ దగ్గరై, 1926 జూన్‌లో డైమ్లర్-బెంజ్‌గా విలీనమయ్యాయి.

ఈ తొలి చరిత్రలో సమీక్షకుడికి పనికొచ్చే ఘట్టం ఒకటుంది. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా, భర్తకు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆ మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది. దారిలో వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల దుకాణంలో ఇంధనం కొన్నది. పూడుకుపోయిన ఇంధన గొట్టాన్ని టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. అరిగిన బ్రేకు దిమ్మెలకు చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తుల మీద పిల్లలు దిగి బండిని నెట్టాల్సి వచ్చింది కాబట్టి, ఎత్తులెక్కడానికి మరో గేరు కావాలన్న నివేదికతో ఆమె తిరిగివచ్చింది, బెంజ్ దానిని అమర్చాడు కూడా. దీనిని వీరగాథగా చెప్పుకోవడమే రివాజు గానీ, వాడి చూసినవారి ఫిర్యాదు విని వస్తువును సరిదిద్దడమే ఇందులో అసలు విశేషం. సంస్థ మంచి కాలమంతా ఆ అలవాటు నిలిచిన కాలమే.

మచ్చ లేని చరిత్ర మాత్రం కాదు. నాజీ పాలనలో ఈ సంస్థ నాయకుల ఊరేగింపులకు కార్లనూ, యుద్ధానికి విమాన ఇంజన్లనూ సరఫరా చేసింది. 1944 నాటికి దాని కర్మాగారాల్లో పనిచేస్తున్నవారిలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చిన పౌరులు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు. ఈ సంగతిని సంస్థ తన చరిత్రలో తానే ఒప్పుకున్నది. అయితే 1988లో 2 కోట్ల మార్కుల పరిహారం ప్రకటించే నాటికి యుద్ధం ముగిసి నాలుగు దశాబ్దాలు దాటిపోయాయి. కార్ల నాణ్యతకు దీనికి సంబంధం లేదనేవారు ఉంటారు. పేరుప్రతిష్ఠల గురించి రాస్తూ దీనిని దాటవేయడం నాకు సమ్మతం కాదు.

యుద్ధానంతరం లోకం దృష్టి 1954 నాటి 300 ఎస్‌ఎల్ స్పోర్ట్స్ కారు మీద, రెక్కల్లా పైకి లేచే దాని తలుపుల మీద పడింది. పేరును నిలబెట్టిన పని వేరేచోట జరుగుతూ వచ్చింది. 1936లోనే 260 డి మోడల్‌తో డీజిల్ ఇంజన్‌ను ప్రయాణికుల కారులోకి తెచ్చిన సంస్థ, యుద్ధం తరువాత ఆ దారినే పట్టుకుని నడిచింది. 1970లలో వచ్చిన 240 డి, దాని వెనుకే డబ్ల్యూ123 శ్రేణి డీజిళ్లు టాక్సీ యజమానులకు నమ్మకమైన బతుకుతెరువు అయ్యాయి. డబ్ల్యూ123లో తొలినాటి 200 డికి ఉన్న శక్తి 55 హార్స్ పవరే; నిలుచున్నచోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి సుమారు అర నిమిషం పట్టేది. అయినా కొనడానికి జనం నెలల తరబడి వేచి ఉన్నారు. మొత్తం మీద దాదాపు 27 లక్షల డబ్ల్యూ123లు తయారయ్యాయి. గ్రీసులో ఒక టాక్సీ డ్రైవరు తన 1976 నాటి 240 డిని 46 లక్షల కిలోమీటర్లు నడిపి 2004లో సంస్థకే అప్పగించాడు. మధ్యమధ్య ఇంజన్లు మార్చుకుంటూ వచ్చాడన్న నిజాన్ని కలుపుకున్నా, ఆ ఇనుప శరీరం అంతదూరం ఓర్చుకోవడం మామూలు సంగతి కాదు.

మన్నికతో పాటు రెండో పునాది భద్రత. ఢీకొన్నప్పుడు కారు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని అందరూ నమ్ముతున్న కాలంలో, బేలా బారెన్యీ అనే ఇంజనీరు అందుకు ఎదురు వాదన చేశాడు: ముందు వెనుక భాగాలు నలిగి తాకిడి శక్తిని మింగేయాలి, మనుషులు కూర్చునే మధ్య గది మాత్రం చెక్కుచెదరకూడదు. 1959లో వచ్చిన డబ్ల్యూ111 ఆ సూత్రం మీద తయారైన తొలి కారు. 1978లో బాష్ సంస్థతో కలిసి తమ పెద్ద విలాస కారు ఎస్-క్లాస్‌లో, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను, 1981లో అదే శ్రేణిలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్‌ను ప్రవేశపెట్టారు. ఇవన్నీ ఈనాడు చౌక కార్లలోనూ ఉన్నాయి కనుక వీటి గొప్పతనం పైకి కనిపించదు, కానీ ఈ సంస్థ పేరులో నాకు నిర్వివాదంగా తోచే భాగం ఇదే.

ఇక డబ్ల్యూ124 దగ్గరికి వస్తాను. బయటి రూపంలో ఆడంబరం లేదు. సంస్థ డిజైనర్ బ్రూనో సాక్కో నాయకత్వంలో గీసిన ఆ గీతలు గాలిని చీల్చుకుపోవడానికి ఉద్దేశించినవి, చూపరులను మెప్పించడానికి కాదు. కారు గొప్పతనం చిన్న చిన్న పనిముట్లలో ఉంది. ముందు అద్దానికి ఒకే ఒక్క వైపర్ ఉంటుంది. మామూలు వైపర్ అర్ధచంద్రాకారంలో తిరిగి పై మూలలను తుడవకుండా వదిలేస్తే, దీని చేయి మూలల వైపు వెళ్లేటప్పుడు ముందుకు చాచుకుని, మధ్యలోకి వచ్చేసరికి మళ్లీ లోపలికి ముడుచుకుంటుంది. వానలో అది ఇలా చాచుకోవడాన్ని, ముడుచుకోవడాన్ని చూస్తూ కూర్చోవడమే ఒక వినోదం. బానెట్‌ను మామూలు ఎత్తుకు మించి దాదాపు నిటారుగా నిలబెట్టవచ్చు. మెకానిక్ తల తగలకుండా రెండు వైపుల నుంచీ ఇంజన్ మీదికి వంగగలుగుతాడు. టైరు మార్చేవారి కోసం పనిముట్ల సంచిలో ఒక పొడవాటి పిన్ను ఉంటుంది. దానిని చక్రం బిగించే హబ్బులో బిగించి, చక్రాన్ని దానికి తగిలించి, ఆ తరువాత బోల్టులు తీరికగా ఎక్కించుకోవచ్చు. వీటిలో ఏదీ షోరూమ్‌లో అమ్మకానికి సాయపడేది కాదు, కొన్న పదేళ్లకు పనికొచ్చేది.

నడకలో కూడా అదే తత్త్వం. సంస్థ చిన్న కారైన 190 శ్రేణి నుంచి తెచ్చుకున్న అయిదు కడ్డీల వెనుక సస్పెన్షన్ వల్ల గతుకుల రోడ్డు మీద వెనుక చక్రాలు దారి తప్పవు, సుదీర్ఘ ప్రయాణంలో నడుము పట్టేయదు. స్టీరింగ్ చురుకైనది కాదు, అందులో కొంత బద్ధకం ఉంది. పదునైన మలుపుల్లో ఆనందం కోరుకునేవారికి అదే కాలపు బీఎండబ్ల్యూ 5 సిరీస్ నచ్చుతుంది. చిన్న ఇంజన్ల కార్లు నింపాదిగా కదులుతాయి, ప్రాథమిక మోడళ్లలో కిటికీ అద్దాలను చేత్తో తిప్పి దించుకోవాలి, ప్రతి సౌకర్యానికీ విడిగా డబ్బు కట్టాలి. శ్రేణిలో అన్నిటికంటే వేగమైన 500 ఇ తయారీలో పోర్షే సంస్థ చేయి ఉంది. సేకరణకర్తలు దాని వెంట పడతారు గానీ, ఈ శ్రేణి అసలు స్వభావం మాత్రం 250 డిలోనే కనిపిస్తుంది.

ఈ స్థాయి ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు సమాధానం కర్మాగారంలో కంటే ఖాతాల్లో ఎక్కువగా ఉంది. ఇంజనీర్లు తమకు సరి అనిపించేంత వరకు కారును తీర్చిదిద్దడం, అయిన ఖర్చును బట్టి ధర కట్టడం పాత పద్ధతి. 1989లో టొయోటా తెచ్చిన లెక్సస్ ఎల్‌ఎస్ 400 అమెరికాలో చాలా తక్కువ ధరకు అంతటి నిశ్శబ్దాన్నీ, నమ్మకాన్నీ అందించడంతో ఆ పద్ధతి చెల్లలేదు. 1990లలో సంస్థ లెక్కను తిరగేసింది: ముందు ధర, తరువాత దానికి సరిపడే కారు. తప్పు ఆ నిర్ణయంలో లేదు, దానిని అమలు చేసిన తొందరలో ఉంది. 1995లో డబ్ల్యూ124 స్థానంలో వచ్చిన డబ్ల్యూ210 తలుపుల అంచుల్లో, ముందు ఫెండర్లలో తుప్పుకు పేరుమోసింది. 1997లో చిన్న ఏ-క్లాస్ స్వీడన్‌లో ఒక పత్రిక జరిపిన పరీక్షలో, అడ్డొచ్చిన జంతువును తప్పించినట్టు చటుక్కున మలుపు తిప్పగానే బోల్తా పడింది. అప్పుడు సంస్థ అమ్మకాలు ఆపి, బండి పట్టు తప్పకుండా కాపాడే ఈఎస్‌పీని ప్రతి ఏ-క్లాస్‌కూ అమర్చింది. మొదట బుకాయించినా చివరికి చేసింది సరైన పనే. 1998లో క్రైస్లర్‌తో అట్టహాసంగా జరిగిన విలీనం 2007లో ఆ సంస్థలో 80.1 శాతం వాటాను అమ్ముకోవడంతో ముగిసింది. ఆ మధ్యకాలంలోనే, 2004లో ఎలక్ట్రానిక్ బ్రేకుల లోపం వల్ల 6,80,000 కార్లను, 2005లో వేరే లోపాల వల్ల 13 లక్షల కార్లను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది.

డీజిల్ వల్ల వచ్చిన పేరు డీజిల్ వల్లనే చెడడం మరో విషాదం. కాలుష్య పరీక్షల్లో మోసం చేసే సాఫ్ట్‌వేర్‌ను డీజిల్ కార్లలో అమర్చిందంటూ అమెరికా ప్రభుత్వం, కాలిఫోర్నియా అధికారులు చేసిన ఆరోపణలను పరిష్కరించుకోవడానికి సంస్థ 2020లో సుమారు 150 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. తప్పు చేసినట్టు ఒప్పుకోలేదన్నది న్యాయవాదులకు ముఖ్యం కావచ్చు. టాక్సీ స్టాండుకు కాదు.

ఈనాటి కార్లు మళ్లీ బాగా తయారవుతున్నాయి, తుప్పు బెడద తీరింది, సీట్లు ఇప్పటికీ ఎవరికీ తీసిపోవు. కానీ దృష్టి మారింది. లారీల విభాగాన్ని 2021 చివరలో వేరు చేసి, మరుసటి ఏడాది మెర్సిడెస్ బెంజ్ గ్రూప్ అన్న పేరు పెట్టుకున్న సంస్థ, చిన్న కార్లను తగ్గించి విలాసం వైపు జరుగుతామని 2022లో ప్రకటించింది. అదే ఏడాది మే నెలలో సంస్థ పాత రేసింగ్ తరహా కారు 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హౌట్ కూపే ఒకటి 13.5 కోట్ల యూరోలకు వేలంలో అమ్ముడైంది. డాష్‌బోర్డు ఈ చివర నుంచి ఆ చివర వరకు పరచుకున్న తెరలు కళ్లకు ఇంపుగానే ఉంటాయి, అయితే ఏసీ వేడిని మార్చడానికి రోడ్డు మీద నుంచి చూపు తిప్పాల్సి రావడం, భద్రతను తన మతంగా చెప్పుకున్న సంస్థకు శోభించదు. పాతికేళ్ల తరువాత ఆ తెరను ఎవరు, ఏ షెడ్డులో బాగుచేస్తారో ఊహించలేకపోతున్నాను.

జర్మనీలో ఈనాడు డబ్ల్యూ124 కొనాలనుకునేవారికి నా సలహా నాలుగు సిలిండర్ల లేదా అయిదు సిలిండర్ల డీజిల్, అదీ టర్బో లేనిది. పెట్రోలు కావాలంటే 1992 నుంచి 1995 వరకు తయారైనవాటిలో ఇంజన్ వైర్ల మీది తొడుగు వేడికి పెళుసై రాలిపోతుంది. కొత్త వైరింగ్ వేసినట్టు బిల్లు చూడకుండా బేరం ఆడకూడదు. జాకీ పెట్టే చోట్లనూ, 1989 తరువాతి కార్లలో తలుపుల కింది ప్లాస్టిక్ పలకల వెనుకనూ తుప్పు దాక్కుంటుంది, కాబట్టి కారును పైకెత్తించి చూడాలి. ఓడోమీటరు అంకెను చూసి బెదరనక్కర్లేదు, సర్వీసు పుస్తకంలో ముద్రలు లేకపోతేనే బెదరాలి. ముప్పై ఏళ్లు దాటి మంచి స్థితిలో ఉన్న కారుకు చారిత్రక వాహనంగా హెచ్ నంబరు ప్లేటు వస్తుంది. దానితో ఏటా 191.73 యూరోల స్థిర పన్ను కడితే సరిపోతుంది, పాత డీజిళ్లను రానివ్వని నగరాల కాలుష్య నియంత్రణ మండలాల్లోకి కూడా ఈ బండి నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. విడిభాగాలు చాలావరకు సంస్థ దగ్గరే ఇంకా దొరుకుతున్నాయి, ధరలు మాత్రం నక్షత్రం గుర్తుకు తగ్గట్టే ఉంటాయి.