పెళ్లి ఆల్బమ్‌లో కనిపించకుండా పోయిన పుట్టుమచ్చ: తిరుపతిలోని ఒక ఫోటో స్టూడియో సేవపై సమీక్ష

గడచిన మాఘమాసంలో తిరుచానూరు దగ్గరి కల్యాణ మండపంలో మా పెద్దమ్మాయి పెళ్లి జరిపించాము. ఫోటోలు, వీడియో, ఆల్బమ్ అన్నీ కలిపి తిరుపతిలోని ఒక స్టూడియోకు 95,000 రూపాయలకు అప్పగించాము. ఆ స్టూడియో పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే పద్ధతి మా బంధువుల ఇళ్లలోని చాలా ఆల్బమ్‌లలోనూ కనిపించింది కనుక ఒక్కరి మీదే నింద మోపడం నాకు న్యాయంగా తోచలేదు.

ముందు మెచ్చుకోవలసినవి చెబుతాను. నలుగురు మనుషులు తెల్లవారుజామున మూడు గంటలకే మండపానికి చేరుకున్నారు. పురోహితులను తొందరపెట్టలేదు, పెద్దవాళ్లకు అడ్డంగా నిలబడలేదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని తెర పక్కనుంచి తీసిన ఫోటో, తలంబ్రాలప్పుడు మా వియ్యపురాలు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఫోటో ఎన్నిసార్లు చూసినా తనివి తీరవు. కెమెరా పనిలో నాకు ఏ లోపమూ కనిపించలేదు.

లోపమంతా ఎడిటింగ్‌లో ఉంది. రెండు నెలల తర్వాత 12×36 అంగుళాల సైజులో, ఫోటోలను నేరుగా షీట్ల మీదే అచ్చువేసే 40 షీట్ల కరిజ్మా ఆల్బమ్ చేతికి వచ్చింది. మా అమ్మ కళ్లజోడు సవరించుకొని మొదటి షీటును చాలాసేపు చూసి, "ఎవురే ఈ పిల్ల? మన పాప మాదిరి లేదే. మీ నాయన మచ్చ యాడికి పాయ?" అని అడిగింది. మా అమ్మాయికి ఎడమ కంటి కింద మినపగింజంత పుట్టుమచ్చ ఉంది. మా నాన్నగారికీ అదే చోట ఉండేది. ఆల్బమ్ మొత్తంలో ఆ మచ్చ ఒక్క ఫోటోలోనూ లేదు. చామనఛాయ పిల్ల పాలరాతి బొమ్మలా తెల్లబడింది. చర్మాన్ని తెల్లగా చూపడానికి నారింజ, పసుపు రంగులను తేలిక చేస్తారట. అందుకే నలుగు ఫోటోలలో చెంపలకు పూసిన పసుపు కూడా వెలిసిపోయి గంధంలా కనిపించింది. దండచేతిని సన్నగా నొక్కినచోట బంగారు వంకీ కోలగా సాగింది, వెనకనున్న పందిరి అరటిబోదె ఆమె చేతివైపు వంగిపోయింది. నిటారుగా నిలిపిన అరటిచెట్టు వంగిందంటే అక్కడ మనిషిని మార్చారని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

స్టూడియో వారిని అడిగితే, "అందరికీ ఇట్లనే చేస్తామక్కా, చేయకపోతే పాప నల్లగా పడిందని ఆల్బమ్ తిప్పి పంపిస్తారు" అన్నారు. వారి మాటలో అబద్ధం లేదని నేను నమ్ముతున్నాను. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని 'ఫెయిర్' అనే మాటను 2020లో గాని వదులుకోలేదు. ఆ నలభై అయిదేళ్లలో పెళ్లి, ఉద్యోగం తెలుపుతోనే వస్తాయని చెప్పే ప్రకటనలు చూస్తూ మా తరం, మా పిల్లల తరం పెరిగాయి. ముదురు ఛాయ గలవారిని దిగులుగానో ఆకర్షణ లేనివారిగానో చూపరాదని మన దేశపు ప్రకటనల ప్రమాణాల మండలి (ASCI) 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ప్రకటనలకే పరిమితం, ఇంటి ఆల్బమ్‌ను అడిగేవారు లేరు.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా బాధపెట్టినది మా అమ్మాయి మాట. ఆల్బమ్ చూసి, "ఇదే బాగుందిలేమ్మా, వదిలేయ్" అన్నది. పెళ్లికి మూడు నెలల ముందునుంచి రాత్రిపూట అన్నం మానేసిన పిల్ల ఆమె. రోజూ ఫోన్ కెమెరా నునుపు చేసి చూపిన ముఖానికే అలవాటుపడి, అద్దంలోని ముఖాన్ని తక్కువగా చూడడం నేర్చుకున్నది. దీనిని ఒక ఇంటి సంగతిగా కొట్టిపారేయలేము. నిండైన ఒళ్లే ఆరోగ్యమని భావించే ఫిజీ దీవులలో, 1995లో టీవీ వచ్చిన ఒక ప్రాంతపు బడిపిల్లలను ఆన్ బెకర్ అనే హార్వర్డ్ పరిశోధకురాలి బృందం పరిశీలించింది. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునే ఆడపిల్ల మొదట ఒక్కరూ లేరు. 1998 నాటికి వారు 11.3 శాతం అయ్యారు.

మన తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు ఒకనాడు నామంసుద్ద, ఒకనాడు కుంకుమ, మరొకనాడు బొగ్గు పూసుకొని వేషాలు వేస్తారు. ఆ వేషం మొక్కుకున్నవారి ఇష్టం మీద వేసుకున్నది, మొక్కు తీరాక కడిగేసుకునేది. అడగకుండా వేసిన ఈ వేషం మాత్రం అచ్చులో నిలిచిపోతుంది.

మొదట కుదరదన్న స్టూడియో వారు, తర్వాత 14 షీట్లను 6,000 రూపాయలు అదనంగా తీసుకొని మూడు వారాలలో మళ్లీ వేసి ఇచ్చారు. తాము చేసిన మార్పును తీసివేయడానికి డబ్బు అడగడం సరికాదు. అసలు ఫోటోలన్నింటిని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వడానికి మాత్రం వెనకాడలేదు. కొత్త షీట్లలో మచ్చ తిరిగి వచ్చింది, పసుపు పసుపులాగే ఉంది. రెండు షీట్లలో మాత్రం వంకీ ఇంకా కోలగానే ఉండిపోయింది. మీరు ఎక్కడ మాట్లాడుకున్నా అడ్వాన్సు ఇచ్చే రోజే ముఖం, ఒళ్లు, రంగు మార్చవద్దని రసీదు మీద రాయించుకోండి, అచ్చుకు వెళ్లకముందే నలుగు, ముహూర్తం షీట్లను తెప్పించుకొని చూడండి.

మా చిన్నమ్మాయి పెళ్లికి కూడా ఫోటోలు తీయడానికి వీరినే పిలుస్తాను, ఎడిటింగ్ మాత్రం పక్కన కూర్చొని చేయిస్తాను. చిత్తూరులోని పెద్దమ్మాయి అత్తగారింట హాలులో మచ్చ కనిపించే ఫోటోనే మా వియ్యపురాలు ఫ్రేము కట్టించి పెట్టారు. తీసివేసిన పాత షీట్లలో ఒకదానిని మా అమ్మాయి తన బీరువాలో దాచుకున్నది.