ఫ్లోరెన్సా, బొలోనియానా: మకాం ఎక్కడ మేలు?

రోముకీ వెనిస్‌కీ మధ్య మూడు రోజులు మిగిలితే మనవాళ్లు రెండో ఆలోచన లేకుండా ఫ్లోరెన్స్‌లో హోటల్ బుక్ చేసేస్తారు. అదే రైలు దారిలో, ఫ్లోరెన్స్ దాటాక ఫాస్ట్ రైల్లో సుమారు నలభై నిమిషాలకు బొలోనియా వస్తుంది. అక్కడ దిగేవాళ్లు తక్కువ. ఇటలీలో ఒక్క ఊరే చూడాలంటే ఏది అని నన్నడిగితే మాత్రం బొలోనియా అనే చెబుతాను.

కళల విషయంలో ఈ రెండింటికీ పోటీ పెట్టడమే అన్యాయం. ఉఫీజీ మ్యూజియంలో బొత్తిచెల్లి చిత్రాలు, అకాడెమియా మ్యూజియంలో అయిదు మీటర్లు దాటిన మైకెలాంజెలో డేవిడ్ శిల్పం, ఊరంతటికీ పైన పెద్ద చర్చి మీద బ్రూనెల్లెస్కి కట్టిన గుమ్మటం, ఇవన్నీ ఫ్లోరెన్స్‌లో నడిచి వెళ్లేంత దగ్గర్లోనే ఉన్నాయి. గుమ్మటం పైకి 463 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ముందే చెప్పండి. ఆ రెండు మ్యూజియాలకూ సోమవారం సెలవు. టికెట్లు ముందుగా తీసుకోకపోతే సగం పూట క్యూలోనే పోతుంది.

బొలోనియాకి అలాంటి పేరున్న బొమ్మ ఒక్కటీ లేదు. దాని గొప్పంతా నడకలో ఉంది. వీధుల పక్కన కాలిబాటల మీద కప్పు, ఆ కప్పును మోస్తూ స్తంభాలు, ఊరు మొత్తం మీద అరవై కిలోమీటర్లకు పైనే ఉంటాయి. వీటినే పోర్టికోలు అంటారు. మధ్యయుగంలో విశ్వవిద్యాలయానికి వచ్చే విద్యార్థులతో ఊరు కిక్కిరిసిపోతే, చోటు కోసం జనం పై అంతస్తులను వీధి మీదికి పెంచి కింద కర్రలు నిలబెట్టుకున్నారు. నగరపాలకులు వాటిని కూల్చేయమనలేదు. కొత్త ఇల్లు కట్టేవాళ్లు కూడా పోర్టికో కట్టాల్సిందేనని నియమం పెట్టారు. స్థలం ఇంటివాళ్లదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. 2021లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జులై ఎండలో ఫ్లోరెన్స్ రాతి వీధుల్లో ఒక పూట తిరిగినవాళ్లకు ఈ నీడ విలువ ఎవరూ వివరించక్కర్లేదు. ఓపికుంటే సాన్ లూకా కొండ మీది గుడిదాకా వెళ్లండి. దాదాపు నాలుగు కిలోమీటర్ల దారి, 666 కమానులు, వాన పడినా తడవరు. చివర్లో ఎక్కుడు మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఊరి నడుమ సాన్ పెట్రోనియో చర్చి ముఖభాగం కింద పాలరాయి, పైన ఉత్త ఇటుక. శతాబ్దాలుగా అలాగే సగంలో ఆగిపోయింది. లోపల నేల మీద కస్సీని అనే ఖగోళ శాస్త్రవేత్త 1655లో గీయించిన పొడవాటి గీత ఉంది. పైకప్పు రంధ్రంలోంచి పడే ఎండ చుక్క మధ్యాహ్నం ఆ గీతను దాటుతుంది. ఎండ ఉన్న రోజు ఆ వేళకు వెళ్లి చూడండి. ప్రఖ్యాతమైన జంట బురుజుల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వాటిలో పొట్టిదైన గరిసెండా పరిస్థితి ఆందోళనకరంగా ఉందని 2023 అక్టోబరులో చుట్టూ మూసేశారు, మరమ్మతులు ఏళ్ల తరబడి సాగే పని. దూరం నుంచి చూసి రావడమే.

ఇక తిండి. ఇటలీవాళ్లు బొలోనియాను 'లావు ఊరు' అని ముద్దుగా పిలుచుకుంటారు. రాగు అనే మాంసం సాస్ కలిపిన తాల్యతెల్లె పాస్తా, పులుసులో తేలే తోర్తెల్లీని అనే మాంసం కూరిన చిన్న పాస్తా, మోర్తదెల్లా అనే పంది మాంసం సాసేజ్, వీటి పుట్టిల్లు ఇదే. మాంసం తినేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి! కానీ రాగులో ఉండేది సాధారణంగా గొడ్డుమాంసం, పంది మాంసం. తోర్తెల్లీనిలో పంది మాంసం ఉంటుంది, ఆ పులుసూ మాంసం ఉడికించిన నీళ్లే. శాకాహారులు పెద్ద సైజు తోర్తెల్లోని అడగొచ్చు, అందులో రికోత్తా జున్ను పెడతారు. అయినా శాకాహారులకు ఫ్లోరెన్సే నయం. అక్కడి రిబొల్లీతా, పప్పా అల్ పొమొదోరో రొట్టె ముక్కలతో, కూరగాయలతో చేసేవి. పార్మేజాన్ జున్నులో దూడ కడుపు నుంచి తీసిన ఎంజైమ్ వాడతారు కాబట్టి, నిష్ఠగా ఉండేవాళ్లు రెండు ఊళ్లలోనూ అడిగి తినాలి.

చుట్టుపక్కల తిరగడానికి ఫ్లోరెన్స్ నుంచి పీసా, సియెనా వీలు. బొలోనియా పెద్ద రైల్వే జంక్షన్ కావడంతో మోదెనా, ఫెర్రారా, పార్మా, రవెన్నా అన్నీ మామూలు రైల్లోనే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. రవెన్నాలో రంగు ముక్కలు పేర్చి చేసిన మొజాయిక్ చిత్రాలు చూస్తే ఉఫీజీ క్యూ గుర్తే రాదు.

చిత్రకళ కోసమే ఇటలీ వెళ్తుంటే ఫ్లోరెన్స్‌లోనే ఉండండి. మిగతావాళ్లు బొలోనియాలో మకాం వేసి, ఒక రోజు పొద్దున్నే ఫ్లోరెన్స్ వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయండి. బుక్ చేసే ముందు ఒక్కటి చూసుకోండి: బొలోనియాలో వసంతకాలంలో పెద్ద పెద్ద ట్రేడ్ ఫెయిర్లు జరుగుతాయి, పిల్లల పుస్తకాలది, సౌందర్య సాధనాలది అలాంటివే. ఆ వారాల్లో గది దొరకడమే టెన్షన్, దొరికినా రేటు చుక్కల్లో ఉంటుంది. మీ తేదీలు వాటిలో పడితే మకాం ఫ్లోరెన్స్‌లో పెట్టి, బొలోనియానే పగటిపూట చూసి రండి.