బస్సు ఇంటికి నీళ్ల హీటరా, గాలి హీటరా? ఏది మేలు?

పాత స్కూల్ బస్సు కొని ఇల్లుగా మార్చుకుంటున్నామని చెప్పిన దగ్గర్నుంచి, ఇక్కడ డెన్వర్‌లో మనవాళ్లు ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "మరి చలికాలం ఎలా? హీటర్ ఏది పెట్టారు?" పోయిన నెలే ఆ పని పూర్తయింది. మేం డీజిల్‌తో నీళ్లు కాచి పైపుల్లో తిప్పే హైడ్రానిక్ హీటర్ పెట్టుకున్నాం. అలాగని అందరినీ అదే పెట్టుకోమనను.

ముందు డబ్బు సంగతి. డీజిల్ మండించి గదిలోకి నేరుగా వేడి గాలి ఊదే చైనా గాలి హీటర్ 200 డాలర్ల లోపే దొరుకుతుంది, ఒక్క రోజులో బిగించుకోవచ్చు. వెబాస్టో, ఎబర్‌స్పాషర్ లాంటి కంపెనీల నీళ్ల హీటర్ కిట్ ఒక్కటే 1,000 డాలర్లు దాటుతుంది. పైపులు, పంపులు, వాల్వులు వేరే. మాకు నాలుగు వారాంతాలు పట్టింది. ఏడాదికి పది పన్నెండు రాత్రులు బస్సులో పడుకునేవాళ్లకు గాలి హీటర్ చాలు.

చలికాలమంతా అందులోనే ఉండేవాళ్ల సంగతి వేరు. రెండేళ్ల కిందట ఒక వ్యాన్ అద్దెకు తీసుకుని కొండల్లోకి వెళ్లాం. గాలి హీటర్ రాత్రంతా ఆడింది, స్వెట్టర్లు తీసేసి పడుకున్నాం. తెల్లారి సింకు కింద తలుపు తీస్తే పైపు మీద తెల్లటి మంచు పొర, వంపు దగ్గర గోరంత చీలిక. గాలి హీటర్ గదిని వేడి చేస్తుంది, మూసిన తలుపు వెనక మూలను కాదు. వేడినీళ్ల పైపునైతే సింకు కింద నుంచి, మంచినీళ్ల ట్యాంకు పక్క నుంచి, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. స్నానానికి వేడినీళ్లూ అక్కడే. మధ్యలో ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ (రెండు ద్రవాలు కలవకుండా వేడిని మాత్రమే ఒకదాని నుంచి ఇంకోదానికి పంపే పరికరం) పెట్టి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌తో జోడిస్తే, బండి నడిచినంతసేపు ఇంజిన్ వేడితోనే ఇల్లు వెచ్చబడుతుంది. ఇంజిన్ వైపు చిన్న పంప్ కూడా వేస్తే, గడ్డకట్టే చలిలో స్టార్ట్ చేసే ముందు ఇదే హీటర్‌తో ఇంజిన్‌ను వెచ్చచేసుకోవచ్చు.

అయితే నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఇవేవీ కాదు. పుట్టిన వేడిని ఎక్కడ నిలవ పెట్టుకుంటాం అన్నదే. మామూలుగా బస్సుల్లో వాడే నీళ్ల హీటర్ 5 కిలోవాట్లది. నురగ ఇన్సులేషన్ బాగా కొట్టించిన బస్సుకు రాత్రి 1.5 కిలోవాట్లు కావాలనుకుందాం. మిగతా 3.5 ఎక్కడికి పోవాలి? పైపుల్లో 8 లీటర్ల నీళ్లే ఉంటే, అవి 50 డిగ్రీల నుంచి 75కి చేరడానికి నాలుగు నిమిషాలు చాలు. డీజిల్ మండించే బర్నర్ ఆగిపోతుంది. ఇంకో తొమ్మిది నిమిషాల్లో నీళ్లు చల్లారి మళ్లీ రాజుకుంటుంది. అంటే గంటకు నాలుగైదు సార్లు. రాజుకున్న ప్రతిసారీ మంట అంటించే గ్లో పిన్ బ్యాటరీని తింటుంది, పూర్తిగా వేడెక్కకుండానే ఆరిపోయే బర్నర్‌లో మసి పేరుకుంటుంది. 'హైడ్రానిక్ పెట్టాం, ఒక్క సీజన్‌కే పాడైంది' అన్న మాట విన్నప్పుడల్లా నాకు ముందు ఇదే అనుమానం వస్తుంది.

అదే మధ్యలో 40 లీటర్ల ట్యాంకు పెడితే? బర్నర్ 24 నిమిషాలు ఏకధాటిగా మండి, దాదాపు గంటసేపు ఆగుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూశాకే నాకు టెన్షన్ తగ్గింది. ట్యాంకులో తిరిగేది హీటర్ నీళ్లే. కుళాయి నీళ్లు వేరే ఎక్స్‌ఛేంజర్ గుండా వెళ్లి కాగుతాయి. అందుకే హీటర్ నీళ్లు గడ్డకట్టకుండా కలిపే యాంటీఫ్రీజ్‌గా ప్రాపిలిన్ గ్లైకాల్ వాడండి. ఇథిలిన్ గ్లైకాల్ విషం, ఆ ఎక్స్‌ఛేంజర్ లోపల కారితే కుళాయిలోకే వస్తుంది. ఇంకొకటి, బర్నర్‌ను ట్యాంకు వేడిని బట్టి నడపాలి, గది థర్మోస్టాట్‌ను బట్టి కాదు. గది థర్మోస్టాట్ నేల కింది పైపుల్లో వేడినీళ్లు తిప్పే పంప్‌నే చూసుకోవాలి.

ట్యాంకుకు చోటు లేదంటారా? అయితే గాలి హీటరే నయం. అది మంటను 1 కిలోవాట్ దాకా తగ్గించుకోగలదు కాబట్టి చిన్న బస్సుకు సరిగ్గా సరిపోతుంది. ట్యాంకు లేని నీళ్ల హీటర్ మాత్రం నేను ఎవరికీ చెప్పను.

కట్టెల పొయ్యి చూడ్డానికి బాగుంటుంది గానీ అర్ధరాత్రి లేచి కట్టెలు వేయాలి. పొగగొట్టం లేని ప్రొపేన్ హీటర్ గదిలోకి తేమ వదులుతుంది, అద్దాలన్నీ కారిపోతాయి. ఏది పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

నేల కింద పైపులు వేసేవాళ్లు, వేడినీళ్లలో చల్లారిన నీళ్లు కలిపి వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వ్ మానేయకండి. 75 డిగ్రీల నీళ్లు నేరుగా వెళ్తే కాలు పెట్టలేరు, మేం 40కి తగ్గించి పంపుతున్నాం. పైన ప్లైవుడ్ కొట్టేసే ముందు నీళ్లు నింపి ఒక రోజంతా తిప్పండి. పైపులో గాలి ఉంటే గలగలమని వినిపిస్తుంది, అక్కడి నుంచి ముందుకు నేల చల్లగానే ఉంటుంది. మాకు వెనక మంచం దగ్గర అలా అయితే, ఆ మలుపు పైన గాలి వదిలే వాల్వ్ ఒకటి అదనంగా వేశాం. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా నేల మూయకండి.