తలకు దెబ్బ, కంటికి పరీక్ష: అంకెల కార్డా, వేలి కొసా, కెమెరానా? ఏది మేలు?

2019 ఆగస్టు, లార్డ్స్ మైదానం. జోఫ్రా ఆర్చర్ బౌన్సర్ స్టీవ్ స్మిత్ మెడకు, చెవి కిందుగా తగిలింది. 80 పరుగుల మీద ఉన్న స్మిత్ అక్కడే పడిపోయాడు. లోపలికి తీసుకెళ్లి పరీక్షిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గంట తిరగకముందే మళ్లీ బ్యాటు పట్టుకొచ్చి 92కు ఔటయ్యాడు. మర్నాడు ఉదయానికి కథ మారింది. పరీక్షలో తేడా కనబడింది, ఆట మానిపించారు. అతని బదులు దిగిన మార్నస్ లబుషేన్ టెస్టు క్రికెట్లో తొలి కంకషన్ సబ్‌స్టిట్యూట్ (తల దెబ్బతో మెదడు అదిరినవాడి బదులు ఆడే ఆటగాడు) అయ్యాడు. పరీక్ష ఏదైనా ఆ నిమిషం మాటే చెబుతుంది. తల దెబ్బను కంటి చూపుతో పసిగట్టే, కింద చెప్పే మూడు పరీక్షలకూ ఇది వర్తిస్తుంది.

అసలు మెదడు దెబ్బకు కంటిని చూడడం ఎందుకు? మెదడు అదిరినప్పుడు, అంటే కంకషన్‌లో, సీటీ స్కాన్ చాలావరకు మామూలుగానే వస్తుంది. రక్తస్రావం, ఎముక చిట్లడం స్కాన్‌కు దొరుకుతాయి కానీ పని తీరులో వచ్చిన తడబాటు దొరకదు. స్పృహ ఎంత ఉందో కొలవడానికి 1974 నుంచి వాడుకలో ఉన్న గ్లాస్గో కోమా స్కేలు మీద 15కు 15 వచ్చిన మనిషికి కూడా కంకషన్ ఉండవచ్చు. చూపును ఒక చోటి నుంచి మరో చోటికి గెంతించడానికి మాత్రం నుదుటి వెనక భాగం, చిన్నమెదడు, మెదడు కాండం కలిసి పనిచేయాలి. ఇంత పెద్ద అల్లికలో ఎక్కడ పోగు సడలినా చూపు తడబడే అవకాశం ఉంది.

మొదటిది కింగ్-డెవిక్ పరీక్ష. కంటి పరీక్షల చదువు (ఆప్టోమెట్రీ) చదువుతున్న ఇద్దరు విద్యార్థులు 1976లో అమెరికాలోని ఇల్లినాయిలో తయారుచేశారు. అప్పట్లో ఇది చదువుకునేటప్పుడు చూపు ఎలా కదులుతుందో తెలుసుకోవడానికే. తల దెబ్బలకు దీన్ని వాడవచ్చని 2011లో బాక్సర్ల మీద చేసిన అధ్యయనం చూపింది. మూడు కార్డులు, మొత్తం 120 అంకెలు. మొదటి కార్డులో అంకెలను కలుపుతూ గీతలుంటాయి కాబట్టి చూపు దారి తప్పదు. రెండో దానిలో గీతలుండవు. మూడో దానిలో వరుసలు కూడా దగ్గర దగ్గరగా జరుగుతాయి, అక్కడే కన్ను కింది వరుసలోకి జారిపోతుంది. వేలు పెట్టి చదవకూడదు. పక్కన స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి ఒకరుంటే చాలు, రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

కిటుకంతా ముందస్తు లెక్కలో ఉంది. ఆటగాడు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎన్ని సెకన్లలో చదివాడో రాసిపెట్టుకుని, దెబ్బ తగిలాక దానితో పోల్చాలి. నెమ్మదించినా, తప్పులు పెరిగినా ఆట ఆపాలి. ఆ లెక్క లేకపోతే కార్డులు ఉండీ ప్రయోజనం తక్కువ. ఇంకో చిక్కు, తెలివైన కుర్రాళ్లు మొదట్లోనే కావాలని నెమ్మదిగా చదువుతారు, రేపు దెబ్బ తగిలినా దొరక్కుండా ఉండాలని! మన పిల్లల విషయంలో మరొకటి కూడా చూసుకోవాలి. సీజన్ మొదట్లో ‘రెండు, ఏడు, నాలుగు’ అని తెలుగులో చదివినవాడు దెబ్బ తగిలాక ‘టూ, సెవెన్, ఫోర్’ అంటే ఆ రెండు సమయాలనూ పోల్చకూడదు. ఏ భాషలో మొదలుపెడితే ఆ భాషలోనే ముగించాలి.

రెండోది వీఓఎంఎస్, అంటే కంటి కదలికలనూ, తల ఊగినా చూపును నిలిపే శక్తినీ చూసే పరీక్ష. అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైద్యబృందం 2014లో ప్రకటించింది. దీనికి వేలి కొస, టేపు, తాళం కొట్టే ఫోను చాలు. ముందుగా తలనొప్పి, తల తిరగడం, వికారం, ఆలోచన మసకబారినట్టుండడం ఎంతెంత ఉన్నాయో సున్నా నుంచి పది లోపు చెప్పమంటారు. తర్వాత వేలి వెంట చూపు కదపడం, రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ గెంతించడం, చూపు నిలిపి తల ఊపడం లాంటివి ఏడు. ఒక్కొక్కటి కాగానే మళ్లీ అవే నాలుగూ అడుగుతారు. అంకె రెండు పెరిగినా అనుమానించాల్సిందే. ఒక చిన్న అక్షరాన్ని ముక్కు దాకా తెస్తూ అది ఎక్కడ రెండుగా చీలుతుందో కొలవడం ఇందులో నాకు బాగా నచ్చిన భాగం. 5 సెంటీమీటర్లు, అంతకన్నా దూరంలోనే చీలితే తేడా ఉన్నట్టు. ‘చీలలేదు సార్’ అని కుర్రాడు బొంకినా, ఒక కన్ను పక్కకు తప్పుకోవడం ఎదుటివారికి కనబడిపోతుంది. మిగతావన్నీ అతని నోటి మాట మీదే ఆధారపడతాయి, అదే దీని బలహీనత. పైగా చేసేవారికి శిక్షణ ఉండాలి. తడబాటు కంటి కదలికలోనా, తల ఊగేటప్పుడు చూపు నిలపడంలోనా, వ్యాయామం ఏది ఇవ్వాలి అన్నది చెప్పడంలో మాత్రం దీనికి సాటి రెండోది లేదు.

మూడోది కెమెరా. 2018 డిసెంబరులో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ఐబాక్స్ అనే యంత్రం ఈ కోవలోదే. నాలుగు నిమిషాల లోపు వీడియో తెర అంచుల వెంట చుట్టూ తిరుగుతుంటే, రెండు కళ్లూ దాన్ని ఎలా వెంబడించాయో యంత్రం లెక్కగడుతుంది. ముందస్తు లెక్క అక్కర్లేదు, చదువు రానివారికీ పనికొస్తుంది, బొంకడం కష్టం. వినడానికి బాగుంది. అనుమతి కోసం చూపిన లెక్క చూడండి: కంకషన్ ఉన్న వందమందిలో 80 మందిని పట్టింది, లేని వందమందిలో 66 మందినే వదిలింది. అంటే మిగతా 34 మందినీ ఊరికే అనుమానించినట్టు. ఖరీదైన పెట్టె కాబట్టి నిజమే చెబుతుందన్న భ్రమ వద్దు.

మద్యం తాగినవారి చూపు ఎలాగూ అదురుతుంది కాబట్టి, రాత్రిపూట బైకు ప్రమాదాల్లో ఈ మూడూ తికమక పెడతాయి. పదేపదే వాంతులు, మగత, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దది కావడం కనబడితే కార్డులు తీయడం కూడా కాలయాపనే. నేరుగా ఆసుపత్రికి, స్కాన్‌కు.

క్లినిక్‌లో అయితే నా ఓటు వీఓఎంఎస్‌కు. కెమెరా పెట్టె ఉంటే వీఓఎంఎస్ పక్కన ఉండనివ్వండి, దాని బదులు వద్దు. ఊరి మైదానానికి, కాలేజీ కబడ్డీ జట్టుకు అంకెల కార్డులే మేలు. కార్డు బాగా వచ్చినంత మాత్రాన అదే రోజు మళ్లీ ఆడనివ్వకండి, మర్నాడు మరోసారి చదివించండి. సీజన్‌కు ముందు ఒక సాయంత్రం జట్టునంతా కూర్చోబెట్టి, ఒక నోటు పుస్తకంలో పేరు, సెకన్లు, చదివిన భాష మూడు గడులుగా రాసుకోండి. రెండుసార్లు చదివించి, తక్కువ సమయాన్నే ఉంచుకోండి.