రెండు సీట్ల పిల్లల బండి: మూడేళ్లు తోశాక

మ్యూనిక్‌లో ఉన్న మూడేళ్లలో మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ అరిగిన వస్తువు ప్రెషర్ కుక్కర్ కాదు, పిల్లల బండి. రెండు సీట్లు పక్కపక్కనే ఉండే రకం. అక్కడ గెష్విస్టర్‌వాగెన్ అంటారు, అంటే తోబుట్టువుల బండి. ఇప్పుడది ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అత్తగారింటి అరుగు మీద ఉంది. మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, మేమూ జర్మనీ వెళ్తున్నాం, డబుల్ స్ట్రోలర్ కొనమంటావా, చంకనేసుకుని తిరిగేద్దామా?" అని అడిగింది. దానికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

కొనేనాటికి పెద్దాడికి రెండేళ్ల మూడు నెలలు, చిన్నదానికి నాలుగు నెలలు. కొత్తది ఏడొందల యూరోల పైమాటే. ఒక జర్మన్ కుటుంబం దగ్గర 180 యూరోలకు పాతది తెచ్చుకున్నాం. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు కాబట్టి కంపెనీ పేరుతో పని లేదు. వెడల్పు 76 సెంటీమీటర్లు, బరువు 15 కిలోలు, ఒక్కో సీటు 22 కిలోలు మోస్తుందని రాసి ఉంది. వెనక రెండు గాలి టైర్లు, ముందు అటూ ఇటూ తిరిగే చిన్న చక్రాలు. ఎడమ సీటు పూర్తిగా వాలుతుంది, చిన్నది అందులో పడుకునేది.

ఒకదాని వెనక ఒకటి సీట్లుండే రకం కూడా దొరుకుతుంది. మా స్నేహితురాలికి అదే ఉండేది. సన్నగా ఉండటం వల్ల షాపుల్లో సులువు. కానీ వెనక కూర్చున్న పిల్లకి ముందు సీటు వీపు తప్ప ఏమీ కనపడదు, అందుకే ఏడుపు. పక్కపక్కన అయితే ఇద్దరూ ఒకే కుక్కని చూస్తారు, ఒకే బిస్కెట్ కోసం కొట్టుకుంటారు. నా ఓటు దీనికే.

అక్కడ రోజంతా బండి మీదే నడుస్తుంది. కారు లేదు. ఆరేళ్లలోపు పిల్లలకి బస్సులో టికెట్ లేదు, బండికీ లేదు. బస్సు మధ్య తలుపు దగ్గర పిల్లల బండి బొమ్మతో నీలం మీట ఉంటుంది. అది నొక్కితే బండి దిగుతోందని డ్రైవర్‌కి తెలుస్తుంది, తలుపు వెంటనే మూయడు. బస్సు ఒక పక్కకి ఒరిగి ఫుట్‌పాత్ ఎత్తుకి దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు మావాడు "అమ్మా, బస్సు కూచుంది" అన్నాడు. చక్రాల కుర్చీలో ఎవరైనా వస్తే మనం చోటివ్వాలి, అది రూలు. మామూలు బండ్లు రెండు ముందే ఎక్కి ఉంటే మనది పట్టదు. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి వెళ్తూ మూడు బస్సులు వదిలేసిన రోజు కూడా ఉంది. అక్కడ పిల్లలకి వయసుని బట్టి చేసే పరీక్షలకి యు1, యు2 అని నంబర్లుంటాయి, అన్నీ ఒక పసుపుపచ్చ పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం బండి వెనక జేబులోనే ఉండేది. మరిచిపోవడం అనే టెన్షన్ లేదు.

ట్రామ్ పట్టాలతో మాత్రం జాగ్రత్త. ముందు చక్రాలు చిన్నవి కదా, పట్టా పక్క సందులో పడ్డాయంటే బండి ఉన్నచోటే ఆగిపోయి హ్యాండిల్ మన పొట్టలో గుద్దుకుంటుంది. నాకు రెండుసార్లు అయింది. తర్వాత పట్టాలు రాగానే హ్యాండిల్ కిందికి నొక్కి, ముందు చక్రాలు లేపి, తిన్నగా దాటించడం అలవాటైంది. కొనబోయే ముందు ఇది తప్పకుండా చేసి చూడండి. ఇద్దరు పిల్లలు కూర్చున్నాక ముందు భాగం లేవకపోతే ఆ బండి వద్దు.

సామాను బుట్ట సీట్ల కింద. ఐదు కిలోలే పెట్టమని రాసి ఉంది. ఇండియన్ షాపులో పది కిలోల సోనామసూరి కొంటే ఎక్కడ పెడతాం? అందులోనే పెట్టాను, ఏడాది పాటు. గుడ్డ సాగి వెనక ఇరుసుకి రాసుకుంటూ, ఒకరోజు చిల్లు పడి చోడిపిండి డబ్బా జారి రోడ్డు మీద దొర్లింది. మా అత్తయ్య ఇక్కడి నుంచి పంపిన చోళ్ల పిండి, అంటే రాగిపిండి. డబ్బా పగల్లేదు గానీ నాకు గుండె ఆగినంత పనైంది. తప్పు బండిది కాదు.

చలికాలం దీనికి అసలు పరీక్ష. అక్కడి తల్లులు మంచు పడుతున్నా పిల్లల్ని బయటికి తీస్తారు. మొదటి నెల నాకు భయం వేసింది, తర్వాత నేనూ అదే చేశాను. లోపల గొర్రెబొచ్చు ఉన్న సంచిలో పిల్లని మెడదాకా దూర్చి జిప్ వేస్తే, బయట మైనస్ ఐదున్నా పార్కులో రెండు గంటలు నిద్రపోయేది. నిమ్ఫెన్‌బుర్గ్ కోట తోటలో కాలువ పక్కన తోస్తూ ఉంటే చక్రాల కింద కంకర చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆ చప్పుడుకే ఇద్దరూ పడుకునేవాళ్లు. బండి ఆపితే లేస్తారు. అలా ఆపకుండా తోసి తోసి నేను నాలుగు కిలోలు తగ్గాను.

ఆ కంకరే బండికి శత్రువు కూడా. జారకుండా ఫుట్‌పాత్‌ల మీద సన్న కంకర చల్లుతారు. మంచు కరిగిన నీళ్లతో కలిసి అది ముందు చక్రాల ఇరుసులోకి పోతుంది. రెండో చలికాలం అయ్యాక కుడి ముందు చక్రం కీచుమని అరవడం మొదలుపెట్టింది. మా ఆయన విప్పితే లోపల బూడిదరంగు బురద, వెంట్రుకలు, ఒక ఎండు ద్రాక్ష. కడిగి గ్రీజు పెడితే పోయింది. ప్రతి మార్చిలోనూ ఈ పని ఉంటుందనుకోండి.

మా ఫ్లాట్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బండి కింద మెట్ల పక్కన గొలుసు వేసి ఉంచేదాన్ని. మూడో నాడే హ్యాండిల్‌కి ఒక కాగితం అంటించి ఉంది: దారికి అడ్డం, తీయండి అని, కింద సంతకం లేదు. ఇంటావిడని అడిగితే నడిచే దారి వదిలితే చాలంది. గోడకి ఇంకో అరడుగు జరిపాను. కాగితం మళ్లీ రాలేదు, రాసిందెవరో ఇప్పటికీ తెలీదు. క్రిస్మస్‌కి మాత్రం ఎవరో సీట్లో రెండు చాక్లెట్లు పెట్టారు. బహుశా వాళ్లే.

ఒకసారి వేరే ఊళ్లో రైలు దిగితే లిఫ్ట్ పనిచేయడం లేదు. ఎస్కలేటర్ మీద బండి ఎక్కించకూడదు. నేనొక్కదాన్నే, పైకి నలభై మెట్లు, పిల్లలతో కలిపి నలభై కిలోల దాకా బరువు. ఎవర్ని అడగాలా అని చూస్తుండగానే ఒకాయన తన బ్యాగు మెడలో వేసుకుని ముందు ఇరుసు పట్టుకున్నాడు, నువ్వు వెనక పట్టుకో అన్నట్టు తల ఊపాడు. పైన దింపి, ఒక్క మాట లేకుండా వెళ్లిపోయాడు. థాంక్స్ చెప్పే లోపే కనపడలేదు.

ఇక విమానం. చాలా విమానాల్లో బండిని గేటు దాకా తోసుకెళ్లి అక్కడ ఇవ్వొచ్చు, డబ్బు తీసుకోరు. దిగినప్పుడు తలుపు దగ్గరే ఇస్తారనుకోవద్దు. మాకు ఢిల్లీలో పెట్టెలతోపాటు బెల్టు మీద వచ్చింది, మడత కొక్కెం వంగిపోయి. ఫిర్యాదు రాశాను, రెండు మెయిళ్ల తర్వాత జవాబులు ఆగిపోయాయి. అప్పటి నుంచి మడిచిన బండికి తాడు కట్టాల్సిందే. వాళ్ల చేతికి ఇచ్చేముందు నాలుగు పక్కలా ఫొటో తీసుకోండి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు దాన్ని ఇక్కడిదాకా తేవడం. విశాఖ నుంచి గుణుపురం పాసింజర్ ఎక్కితే బండి తలుపులో ఇరుక్కుంది. మా మరిది తిరగేసి లాగితే వచ్చింది. నౌపడ దాటేదాకా మరుగుదొడ్డి దారికి అడ్డంగా దాన్ని పట్టుకుని నిలబడ్డాను, వచ్చే పోయే వాళ్లందరికీ సమాధానం చెబుతూ.

పర్లాకిమిడిలో మా వీధికి ఒక పక్క కాలువ, ఇంకో పక్క గడపలు, మధ్యలో ఆటోలు, ఆవులు. తోసిన మొదటి సాయంత్రం వీధి పిల్లలు "రొథొ ఆసిలా!" అని అరుస్తూ వెంటపడ్డారు, ఒడియాలో రథం వచ్చిందని. పక్కింటి పెద్దమ్మ గడపలోంచి, "ఏటే ఇది, పిల్లల్ని ఎత్తుకోడానికి నీకు చేతుల్లేవేటి?" అంది. అన్నమాటే గానీ, చిన్నదాన్ని లాక్కుని చంకనేసుకుంది. పెద్దాడిని మావయ్య గారు సైకిల్ ముందు కూర్చోబెట్టుకున్నారు. నేను ఖాళీ బండి తోసుకుంటూ ఇంటికొచ్చాను. మళ్లీ వాళ్లిద్దరూ అందులో కూర్చున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెద్దాడు దాన్ని వాగెన్ అంటాడు, అత్తయ్య తోపుడు బండి అంటారు, వీధికి అది రొథొ. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు, ఏ వాడుక మాటైనా చెల్లుతుంది.

మా చెల్లెలికి చెప్పింది ఇదే: అక్కడికి వెళ్లాక కొనుక్కో, పాతదే కొనుక్కో, వచ్చేటప్పుడు అక్కడే అమ్మేసి రా. నేను 180కి కొన్నదాన్ని అడిగిన ఒకామె 120 ఇస్తానంది. కాదని, మమకారం కొద్దీ మోసుకొచ్చాను.

పోయిన నెల గ్యాస్ బండ ఇంటి దాకా తెచ్చే కుర్రాడు రాలేదు. మావయ్య గారు నాతో చెప్పకుండా రొథొ తీసుకెళ్లి నిండు బండని కుడి సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టి తెచ్చారు. అందులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్పై దగ్గర. సీటు మోసేది 22. బండ క్షేమంగా ఇల్లు చేరింది. కుడి వెనక చక్రం మాత్రం బయటికి వాలింది. వెల్డింగ్ షాపతను ఆదివారం తీసుకురమ్మన్నాడు.