సిలిండర్ దాచడం మానేస్తే ఇంకో స్టార్ ఇస్తాను

వికారాబాద్ దాటాక ఉన్న ఈ పొలంలో సంక్రాంతి అయ్యాక మూడు వారాలు వాలంటీర్‌గా ఉన్నాను. గది, మూడు పూటలా తిండి వాళ్లవే. బదులుగా ఉదయం పొలం పని, పొలం చూసి నేర్చుకోవడానికి పిల్లలతో స్కూలు బస్సు వచ్చిన రోజు వాళ్లని చూసుకోవడం. పదేళ్లు సైన్స్ చెప్పినదాన్ని, పిల్లలు నాకు కొత్త కాదు. పెండ ఎత్తడం కొత్త. (మా గుంటూరు వైపు పేడ అంటాం. వంట పెద్దమ్మ ఆ మాటకి ఎంత నవ్విందో! మూడో రోజుకి నా నోట కూడా పెండే.)

పిల్లల క్లాసు అన్నిటికన్నా బాగా నడిచేది జీవామృతం (పొలానికి పోసే ద్రవ ఎరువు) డ్రమ్ము దగ్గరే. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పెండ, 10 లీటర్ల ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి రెండేసి కిలోలు, గట్టు మీది మట్టి గుప్పెడు. ముక్కు మూసుకుని దూరంగా నిలబడ్డ ఏడో తరగతి పిల్లాడే కాసేపటికి మోచేతి దాకా ముంచి గడ్డలు చిదుపుతున్నాడు. బెల్లం మాత్రం ఒకటిన్నర కిలోకి మించి డ్రమ్ములో పడిన రోజు లేదు. జీవామృతం 48 గంటలు పులియాలి, బస్సేమో నాలుగింటికి వెళ్లిపోతుంది. అందుకని రెండు రోజుల ముందు కలిపిన డ్రమ్ము పక్కనే పెట్టించి, రెండూ వాసన చూసి తేడా చెప్పమనేదాన్ని.

గెస్ట్ హౌస్ గోడ దగ్గర మాత్రం ఉపన్యాసమే. ర్యాట్ ట్రాప్ బాండ్‌లో ఇటుకల్ని నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు, నాలుగో వంతు దాకా ఇటుక మిగులుతుంది. అరగంట నిలబెట్టి చెప్తే ఎవరికి ఎక్కుతుంది? పది ఇటుకలిచ్చి పేర్చమంటే ఐదు నిమిషాల పని. చెప్పాను. ‘చూద్దాం మేడమ్’ అన్నారు. రకరకాల ఇళ్లు చూసి పోవడమే అయితే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఎన్‌ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) వాళ్ల రూరల్ టెక్నాలజీ పార్కు ఉండనే ఉంది.

అసలు గొడవ వంటింటి వెనక. బయోగ్యాస్ పొయ్యి చూపిస్తుంటే ఒక పాప వెనక్కి వెళ్లొచ్చి, ‘అక్కా, గోబర్ గ్యాస్ అన్నవు గదా, మరి గా సిలిండర్ ఏంది?’ అంది. నిర్వాహకుడు ‘అది ఎమర్జెన్సీకి’ అన్నాడు. నేనున్న మూడు వారాలూ ఎమర్జెన్సీయే.

ప్లాంటు 2 ఘనపు మీటర్లది. రోజుకి దాదాపు 50 కిలోల పెండ, అంతే నీళ్లు పోయాలి. ఉన్నవి మూడు నాటు ఆవులు, ఒక్కోటి 10 కిలోలు వేస్తే గొప్ప. నిండా పోసినా అది ఐదారుగురి ఇంటి వంటకే, 60 మందికి పప్పు ఎక్కడ ఉడుకుతుంది? నేల మీద పుల్లతో రాసి ఈ లెక్క పిల్లల చేతే వేయించాను. ప్లాంటు నిండాలంటే ఇంకో రెండు ఆవులు కావాలని తేల్చారు. ఆ పాపే మళ్లీ, ‘మరి గంత గడ్డి ఏడికెళ్లి వస్తది?’ అంది. లంచ్ గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ మూడు వారాల్లో నాకు నచ్చిన క్లాసు అదే.

జొన్న రొట్టె, పచ్చిపులుసు చాలా బాగుంటాయి, కాకపోతే రాత్రి తొమ్మిదిన్నరకి గానీ పెట్టరు. టాయిలెట్‌లో నీళ్లకు బదులు రంపపు పొట్టు, రెండు రోజుల్లో అలవాటవుతుంది. దోమతెర మీరే తెచ్చుకోండి, వాళ్లిచ్చేదానికి చిల్లులున్నాయి.