ఇంజిను దీపాలకి లోక్‌సౌండ్ 5: నాలుగేళ్ల వాడకం తర్వాత

హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు) అమెరికన్ డీజిల్ బొమ్మ రైలింజిన్లలో ఈఎస్‌యూ కంపెనీ వాళ్ల లోక్‌సౌండ్ 5 డీకోడర్లు (కంట్రోలరు పంపే ఆదేశాలు అందుకుని మోటారుని, శబ్దాన్ని, దీపాలని నడిపే చిన్న సర్క్యూట్లు) పెట్టి నాలుగేళ్లు నడిపాక రాస్తున్న మాట ఇది. శబ్దం జోలికి పోను, దీపాల వరకే. ఎఫెక్టుల జాబితా ఎంత పొడుగున్నా, బొమ్మ ఇంజినుకి నిజం ఇంజిను కళ తెచ్చేది వెలుగు తగ్గించడమే.

డీకోడరులో ఒక్కో దీపానికి ఒక్కో అవుట్‌పుట్ ఉంటుంది, దాని వెలుగు 0 నుంచి 31 దాకా పెట్టుకోవచ్చు. 1 కిలో ఓమ్ రెసిస్టరుతో తెల్ల ఎల్‌ఈడీని 31లో వదిలేస్తే టార్చి కొట్టినట్టుంటుంది. హెడ్‌లైటుకి 12 చాలు. నంబరు బోర్డులకి మాత్రం 4.7 కిలో ఓమ్ వేసి, తర్వాత డీకోడరులో సర్దుకోండి. 1 కిలో ఓమే ఉంచి 2కో 3కో దించితే ఒక్క మెట్టు తేడాకే వెలుగు సగం మారిపోతుంది, సర్దుకోవడానికి చోటుండదు. రెసిస్టరు లేకుండా డీకోడరు నీలం తీగకి (దీపాలన్నిటి ప్లస్ తీగ) ఎల్‌ఈడీని కలిపితే కన్నుమూసి తెరిచేలోగా పోతుంది.

లోక్‌ప్రోగ్రామర్ (కంప్యూటరు నుంచి డీకోడరుని సర్దే ఈఎస్‌యూ పరికరం) ఉంటే స్లైడరు జరిపితే సరి. లేకపోతే సీవీలు, అంటే డీకోడరులో నంబర్లున్న సెట్టింగులు, కంట్రోలరుతో మార్చాలి: ముందు సీవీ 31లో 16, సీవీ 32లో 0 రాయాలి. ఆ తర్వాతే ముందు దీపం వెలుగు సీవీ 262, వెనకది 270, ఆక్స్ 1 అనే అదనపు అవుట్‌పుట్‌ది 278. ఆ మొదటి రెండూ మరిచిపోతే విలువ వేరే పేజీలోకి పోతుంది, దీపం మాత్రం కదలదు. "డీకోడరు పాడైంది" అనుకునే కేసుల్లో చాలావాటికి మూలం ఇదే. ప్రోగ్రామింగ్ పట్టాల మీద కాకుండా, ఇంజిను నడిచే మెయిన్ లైను మీదే రాస్తే దీపం వెలుగుతుండగానే తేడా కళ్లెదుట కనిపిస్తుంది.

డిచ్ లైట్ల (ఇంజిను ముందు కింద అటూ ఇటూ ఉండే రెండు దీపాలు) దగ్గర ఓపిక కావాలి. గంటకు 20 మైళ్లకు మించిన వేగంతో రోడ్డు క్రాసింగులు దాటే ఇంజిన్లకి 1997 డిసెంబరు 31 నుంచి అమెరికాలో ఇవి తప్పనిసరి. అంతకు ముందు కాలపు బొమ్మకి తగిలించే ముందు ఫొటో చూసుకోండి. ఎడమది ఆక్స్ 1, కుడిది ఆక్స్ 2 అనుకుంటే, రెండింట్లోనూ డిచ్ లైట్ ఎఫెక్టు ఎంచుకుని, ఒక్కదానికే ఫేజ్ టిక్కు (ఒకటి వెలిగితే ఇంకోటి ఆరేలా చేసేది) పెట్టాలి. రెండింటికీ పెట్టినా, అసలు పెట్టకపోయినా, రెండూ ఒకేసారి మిణుకుతాయి. హారన్ మోగించే ఎఫ్2 బటను వరసలో గ్రేడ్ క్రాసింగ్ అనే ఎంపిక కూడా చేరిస్తే, హారన్ నొక్కగానే మిణుకు మొదలవుతుంది. హారన్ ఆగాక అది ఎంతసేపు సాగాలో సీవీ 132 చెబుతుంది: 80 అంటే సుమారు 5 సెకన్లు. దీన్ని 20కి దించితే, క్రాసింగు దగ్గర వేసే రెండు పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు కూతల మధ్య మిణుకు ఆగి మళ్లీ మొదలై వెకిలిగా ఉంటుంది. నిమిషానికి 40కి తగ్గకుండా, 180కి మించకుండా మిణకాలన్నది అక్కడి నియమం. 15 సెకన్లలో లెక్కపెడితే 10కి, 45కి మధ్య రావాలి. నెమ్మదిగా ఉంటే సీవీ 112 తగ్గించండి.

మార్స్ లైటు ఎఫెక్టు బాగానే ఉంది గానీ, అసలు దీపం ఎనిమిది అంకెలా కిరణాన్ని తిప్పేది. కదలని ఒక్క ఎల్‌ఈడీతో వెలుగు హెచ్చుతగ్గులే వస్తాయి. ఎదురుగా నిలబడి చూస్తే నమ్మొచ్చు, పక్కనుంచి చూస్తే కుదరదు. ఆవిరి ఇంజిను ఫైర్‌బాక్సులో మాత్రం నారింజ, ఎరుపు ఎల్‌ఈడీలని వేర్వేరు అవుట్‌పుట్లకి కలపండి. ఒకేదానికి కలిపితే రెండూ ఒకే తాళంలో రెపరెపలాడతాయి, నిప్పులా కనిపించదు.

నిజం బల్బు మసకబారితే పసుపు రంగుకి తిరుగుతుంది, ఎల్‌ఈడీ తిరగదు. పాతకాలపు ఇంజినుకి వెచ్చటి తెలుపు ఎల్‌ఈడీ తీసుకుని, పైన తమియా కంపెనీ క్లియర్ ఎల్లో రంగు ఒక పూత వేస్తే దగ్గరగా వస్తుంది. లెన్సు చుట్టూ షెల్లు (ఇంజిను పై తొడుగు) లోపల నల్ల రంగు రెండు పూతలు వేయకపోతే ప్లాస్టిక్కు గుండా ఇంజిను ముందు భాగమంతా వెలుగుతుంది, ఇక ఏ సీవీ మార్చినా లాభం లేదు.

వేగం పెంచే కొద్దీ హెడ్‌లైటు ఆరి వెలుగుతుంటే అది ఎఫెక్టు కాదు. కంట్రోలరు వేగాన్ని 28 స్టెప్పులుగా, డీకోడరు 14గా లెక్కపెడుతున్నాయన్నమాట. సీవీ 29కి 2 కలపండి. మూడు ఇంజిన్లు జత కట్టి లాగించేటప్పుడు నడిమిదాని దీపాలు వెలగకూడదు: దాని సీవీ 22లో 0, ముందుదానికి 1.